అన్నిటికీ ‘చాలా బాగుంది’ అంటే ఏం తెలిసినట్టు?

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్ పాతబస్తీలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కథల పుస్తకాలు చదివించే కార్యక్రమం నడుపుతోంది. నిరుడు 38 ప్రశ్నలతో ప్రశ్నావళి తయారుచేసి 60 మంది ఉపాధ్యాయులకు ఇస్తే 41 మంది నింపి ఇచ్చారు. దాదాపు అందరూ అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని టిక్కు పెట్టారు. మేము బడులకు వెళ్లి చూస్తే మాత్రం చాలాచోట్ల పుస్తకాలు బీరువా దాటలేదు. మార్చి నెలాఖరులో మళ్లీ సర్వే చేయాలి. ప్రశ్నలన్నీ మార్చేయాలా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: ఉపాధ్యాయులు అబద్ధం చెప్పారని అనుకోకండి. మీరు జతచేసిన ప్రశ్నావళి చూశాక, ఆ ప్రశ్నలకు అంతకంటే వేరే జవాబు రావడం కష్టమనిపించింది. మొదటి పేజీలోనే పేరు, బడి, ఫోన్ నంబరు అడిగారు. నింపిన కాగితాలను ప్రధానోపాధ్యాయుల చేతికి ఇవ్వమన్నారు. పుస్తకాలు ఉచితంగా ఇచ్చినవారే వచ్చి ‘మా కార్యక్రమం ఎలా ఉంది?’ అని అడగడం, పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్న బంధువును పెళ్లికూతురి తండ్రి వంటలెలా ఉన్నాయని అడగడం వంటిదే.

మీ ఏడో ప్రశ్న చూడండి: ‘ఈ కార్యక్రమం వల్ల పిల్లల్లో పఠనాసక్తి, భాషా నైపుణ్యాలు గణనీయంగా పెరిగాయని భావిస్తున్నారా?’ ఇందులో ప్రశ్నలు రెండున్నాయి. ఆసక్తి పెరిగింది కానీ చదవడం ఇంకా రాలేదనుకునే టీచరు ఎక్కడ టిక్కు పెట్టాలి? పైగా ‘గణనీయంగా’ అన్న మాటతో జవాబు కూడా మీరే అందించారు. అభిప్రాయం బదులు జరిగిన పనిని అడగండి: ‘గడిచిన ఐదు పని దినాల్లో మీ తరగతి పిల్లలు ఎన్ని రోజులు కథల పుస్తకాలు చదివారు?’ సున్నా నుంచి ఐదు వరకు అంకెలు ఇచ్చి, సున్నా అన్నవారిని కారణం అడగండి. ఇతర విధుల వల్ల కొన్ని వారాల్లో ఈ పని కుదరకపోవడం మామూలేనని ముందు ఒక వాక్యం రాస్తే, సున్నా రాయడానికి చెయ్యి వెనుకాడదు. అయితే ఇలాంటి భరోసా వాక్యం ఒక్కచోటే ఉండాలి. ప్రతి ప్రశ్నకూ పెడితే అది కూడా జవాబును మోసుకొస్తుంది.

ఐదు పని దినాలని అడిగినప్పుడు అవి ఏ రోజులన్నది ముఖ్యం. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి, పదో తరగతి పరీక్షల విధులు వస్తాయి, రంజాన్ నెలలో ఉర్దూ మాధ్యమ బడుల వేళలు మారతాయి. అటువంటి వారాన్ని కొలిస్తే మీకు తెలిసేది కార్యక్రమం సంగతి కాదు, క్యాలెండరు సంగతి. మార్చి నెలాఖరు అనుకున్న సర్వే తేదీని మార్చాల్సి వచ్చినా సరే, ఈ మూడింటినీ తప్పించి మామూలు వారం ఒకటి ఎంచుకోండి.

ప్రశ్నలు మార్చాక, మీ 60 మందిలో లేని ఆరేడుగురు టీచర్ల పక్కన కూర్చుని, ప్రతి ప్రశ్ననూ బయటికి చదివి తమకేమి అర్థమైందో చెప్పమనండి. ఒకప్పుడు నేను ‘మీ తరగతిలో గ్రంథాలయం ఉందా?’ అని అడిగితే, గోడకు తాడు కట్టి పాతిక పుస్తకాలు వేలాడదీసిన టీచరు గారు ‘లేదు’ అని రాశారు. గ్రంథాలయమంటే విడిగా ఒక గది ఉండాలని ఆవిడ అనుకున్నారు. తప్పు ఆవిడది కాదు, నాది. ఉర్దూ మాధ్యమ టీచర్లకిచ్చే ప్రతిని కూడా, తెలుగు మూలం చూడని మరొకరి చేత తిరిగి తెలుగులోకి చేయించి పోల్చుకోండి.

అన్నీ మార్చాలా అన్నారు. రెండేళ్లను పోల్చాలనుకున్న ప్రశ్నలో ఒక్క మాట కూడా మార్చకూడదు. మారిస్తే రెండు జవాబులనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకూడదు. కానీ నిరుడే అందరూ ‘చాలా బాగుంది’ అన్న ప్రశ్నకు ఇక పైకి పోయే చోటు లేదు. కాబట్టి తరగతి, పిల్లల సంఖ్య, శిక్షణ పొందారా లేదా వంటి నాలుగైదు మాత్రం యథాతథంగా ఉంచి, మిగిలినవి మొహమాటం లేకుండా తీసేయండి. మొత్తం 15 దాటనివ్వకండి.

పేరు అడగకపోయినంత మాత్రాన గోప్యత దక్కదు. ఇద్దరే టీచర్లున్న బడిలో తరగతి, సర్వీసు చెబితే మనిషి తెలిసిపోతారు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో కవర్లిచ్చి, అంటించి ఒక పెట్టెలో వేయమనండి. నివేదికలో శాతాల బదులు ‘41 మందిలో తొమ్మిదిమంది’ అని రాయండి. ఇంత చిన్న సంఖ్యకు శాతాలు లేని బరువును తెచ్చిపెడతాయి. తిరిగివ్వని 19 మంది ఏ బడులవారో కూడా చూడండి, బీరువాలు తెరవని బడులు వారివే కావచ్చు.

పిల్లలకు చదవడం వచ్చిందా లేదా అన్నది టీచర్ల సర్వే వల్ల తెలియదు. ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో చేస్తున్నట్టు, ఒక్కొక్క పిల్లవాడి చేత అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ చదివించి విడిగా చూడాలి. టీచర్లను అడగవలసినది, వారికి మాత్రమే తెలిసినది. ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో మీ 38 ప్రశ్నల్లో ఎక్కడా లేదు; కొత్త ప్రశ్నావళిలో దాన్ని మొదటి పేజీలోనే పెట్టండి.