మా వంశం గండికోటదేనా?

ప్రశ్న: మా అత్తగారింటివాళ్లు గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల దగ్గర సేనాపతులని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈమధ్య మా మరిది ఎవరికో డబ్బులిచ్చి వంశవృక్షం రాయించి ఫ్రేం కట్టించాడు. అన్నిటికన్నా పైన శ్రీకృష్ణదేవరాయల కొలువులో మా మూలపురుషుడు, అడుగున మా పిల్లలు, అంతా కలిపి పది తరాలు. మధ్యలో ఒకాయనను ‘1720లో గండికోట నాయకుల సేనాధిపతి’ అని రాశారు. ఆధారంగా ఒక రాగి రేకు నకలు కూడా ఇచ్చారు. దాని మీద శాలివాహన శకం 1435 ప్రభవ సంవత్సరం అని ఉంది. దసరా సెలవుల్లో పిల్లలతో గండికోట వెళ్తున్నాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ‘ఇదంతా ఎక్కడ రాసుందమ్మా?’ అని అడుగుతోంది. ఏం చెప్పను?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. నేను రెవెన్యూలో పనిచేసినన్నాళ్లూ అడిగింది అదే. పొలం తగాదాలో ఇద్దరూ ‘మా తాతలదే’ అంటారు. కాగితం ఏ సంవత్సరానిది, రాసింది ఎవరు అని చూస్తేగానీ తేలదు. వంశం సంగతీ అంతే.

ముందు రాగి రేకు. పాపకు ఒక పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టండి. శాలివాహన శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1435 అంటే 1513. ఇప్పుడు ప్రభవ సంగతి. మొన్న 1987 ఉగాదికి ప్రభవ వచ్చింది. అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి వెనక్కి లెక్కేసుకుంటూ పోతే 1507లో ప్రభవ. 1513లో నడిచింది శ్రీముఖ. అసలు శాసనాల్లో కూడా ఒక ఏడు అటూ ఇటూ అవుతుంది, అది పెద్ద తప్పు కాదు. ఆరేళ్ల తేడా మాత్రం అనుమానించాల్సిందే. దానం ఇచ్చిన రోజున ఏ సంవత్సరం నడుస్తోందో ఆ రాసినవాడికి తెలియకుండా ఉంటుందా?

తర్వాత 1720. మీర్ జుమ్లా గోల్కొండ సుల్తాను తరఫున గండికోటను పట్టుకున్నది 1650 ప్రాంతంలో. ఆయనను కలవడానికి ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో ఇదే కోటకు వచ్చాడు. 1687లో గోల్కొండే ఔరంగజేబు చేతికి పోయింది. ఆ తర్వాత ఈ సీమ కడప నవాబులది. 1720లో గండికోటలో పెమ్మసాని నాయకులు ఏలడం లేదు. ఏలిక లేని చోట సేనాధిపతి ఎక్కడివాడు?

పది తరాలన్నారు. రాయలవారు ఏలింది 1509 నుంచి 1529 దాకా. అంటే ఇప్పటికి దాదాపు ఐదు వందల ఏళ్లు. పది తరాల్లో సరిపెట్టాలంటే ప్రతి ఇంట్లోనూ తండ్రికి యాభై ఏళ్లు వచ్చాకే వంశం నిలిపే కొడుకు పుట్టి ఉండాలి. వరసగా అన్నిసార్లు అలా జరగదు. తరానికి ముప్ఫై ఏళ్లనుకున్నా పదహారు పదిహేడు పేర్లు కావాలి.

ఇంతమాత్రాన మీ పెద్దలు అబద్ధం చెప్పారని అనకండి. గండికోటకు సైన్యం ఉండేది, ఆ సైన్యంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లే ఉండేవారు. మీవాళ్లలో ఒకరు ఉండే ఉండవచ్చు. వంశం పాడే వంశరాజులు మన ఇళ్ల ముందుకు వచ్చి గోత్రం, ఇంటిపేరు, మూలపురుషుడి ప్రతాపం చెప్పేవాళ్లు. ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఎవరితో వియ్యమందారు అన్న సంగతులు వాళ్ల నోట బాగా నిలిచాయి. ప్రతాపం మాత్రం ఇంటివాళ్లు పెట్టే ధాన్యాన్ని బట్టి పెరిగేది. మొదటిది జాగ్రత్తగా రాసుకోండి, రెండోది విని ఆనందించండి.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. మీ మరిది రాయించిన చెట్టులో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో చూశారా? పదిహేడు తరాలు వెనక్కి పోతే ఆ ఒక్క తరంలోనే ఒక మనిషికి 1,31,072 మంది పూర్వీకుల స్థానాలు ఉంటాయి. మన సీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒకే మనిషి చాలా స్థానాల్లో వస్తాడు, అసలు మనుషుల సంఖ్య బాగా తగ్గుతుంది. అయినా వేలమంది. వాళ్లలో సగం ఆడవాళ్లు. ఒక్క సేనాపతి కోసం వాళ్లందరినీ చెట్టు మీంచి దించేశారు.

అందుకని మీ అత్తగారితో మొదలుపెట్టండి. ఆమె పుట్టినూరు, ఆమె తల్లి ఊరు, వాళ్లు అక్కడికి ఎందుకు వచ్చారు అన్నది అడగండి. ధాత కరువు మాట వస్తుందేమో చూడండి. 1876లో మొదలైన ఆ కరువులో కర్నూలు, కడప, అనంతపురం పల్లెలు కకావికలయ్యాయి. మన కుటుంబాలు ఊళ్లు మారింది కత్తి పట్టుకున్నందుకు కన్నా కడుపు కాలినందుకే ఎక్కువ అని నా నమ్మకం. అక్కడినుంచి పైకి కాగితాలు ఉంటాయి. ఇంట్లో పాత పట్టాలు, భాగపంపిణీ దస్తావేజులు వెతకండి. మీ పెద్దలకు ఇనాం భూమి ఉండి ఉంటే 1858 తర్వాత ఇనాం కమిషన్ రాయించిన ఫెయిర్ రిజిస్టర్లో ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అన్నది ఉంటుంది. నాకు రాజుల కథలకన్నా ఆ రిజిస్టర్లంటేనే ఇష్టం.

మీ ఊరి కైఫీయతు దొరుకుతుందేమో కడపలో బ్రౌన్ గ్రంథాలయంలో అడగండి. కంపెనీ సర్వేయరు మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాల కవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు చూసి, పెద్దలను అడిగి రాసుకున్నవి అవి. అయితే 1810 ప్రాంతంలో రాసినవి. అప్పటివాళ్లు రాయల కాలం గురించి చెప్పింది కూడా విన్నదే, చూసింది కాదు.

ఇక గండికోట. మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ చూపించండి. కత్తుల కోనేటి దగ్గర, యుద్ధం అయ్యాక కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయని చెబుతారు. పాపను ఆ చుట్టూ ఉన్న రాళ్ల రంగు, మట్టి రంగు చూడమనండి. శాసనం కనబడితే ఉదయపు ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. దాని మీద సుద్ద రుద్దడం, నూనె పూయడం చేయొద్దు. ఇంటిపేరు కలిసినంతనే మనవాళ్లే అనుకోవద్దు. ఊరి పేరు ఇంటిపేరైన కుటుంబాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఎన్నో ఉంటాయి. తండ్రి పేరు, గోత్రం, ఊరు కూడా కలవాలి.

ఫ్రేం సంగతి మీ మరిదితో గొడవ పెట్టుకోకండి. పక్కన ఇంకో కాగితం పెట్టి, ఆధారం ఉన్న పేర్లు మాత్రం మీ అమ్మాయి చేత రాయించండి.

ప్రశ్న: మా ముత్తాత తాత ఉయ్యాలవాడ నరసింహారెడ్డితో కలిసి పోరాడాడని చెబుతారు. ఇది తేలే విషయమేనా?
– ఒక పాఠకుడు, కోవెలకుంట్ల

జవాబు: తేలవచ్చు నాయనా, ఇది దగ్గరి కాలం. తిరుగుబాటు 1846లో, ఉరి మీ ఊళ్లోనే 1847 ఫిబ్రవరి 22న. తరాల లెక్క కూడా కుదురుతోంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు పట్టుకున్నవాళ్ల మీద విచారణలు జరిపారు, ఉత్తరాలు రాసుకున్నారు. అప్పుడు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, అంటే పాత ప్రభుత్వ కాగితాలు దాచే చోట, కడప జిల్లా రికార్డులు అడగండి. కర్నూలు పేరుతో అడిగితే దొరక్కపోవచ్చు, కోవెలకుంట్ల తాలూకా అప్పట్లో కడప కలెక్టరు కింద ఉండేది. వెళ్లేముందు మీ ముత్తాత తాత పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుని వెళ్లండి. ఇంగ్లీషువాళ్లు మన పేర్లను రకరకాలుగా రాశారు, ఓపిగ్గా వెతకాలి.