లాక్ తీసేసే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లినక్స్ డ్రైవర్ కోడ్ చూశాను. పంచుకునే డేటాను ఒకసారికి ఒక్కరే ముట్టుకునేలా కాపాడే స్పిన్‌లాక్ తీసేసి, దాని బదులు ఒక ఫ్లాగ్ (అయిందా లేదా అని చెప్పే వేరియబుల్) పెట్టి, "రాత్రంతా టెస్ట్ నడిపినా ఏమీ కాలేదు మామయ్యా" అని రాశావు. ఆ మాట చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను. లాక్ లేని కోడ్ రాత్రంతా నడిచిందంటే, ఆ రాత్రి ఆ ప్రాసెసర్ మీద నడిచిందని మాత్రమే అర్థం. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎక్స్86 రకం ప్రాసెసర్. ఒక రాత (మెమరీలోకి రాయడం) పూర్తికాకముందే దాని తర్వాతి చదువును (మెమరీ నుంచి చదవడాన్ని) కానిచ్చేయడం ఒక్కటే అది చేసే తారుమారు. ఆర్మ్, పవర్ ప్రాసెసర్లు రాతల వరుసనూ, చదువుల వరుసనూ కూడా మార్చగలవు. నీ కోడ్ చివరికి వెళ్లేది ఆర్మ్ బోర్డు మీదకే కదా!

ఆ ఒక్క తారుమారు చాలు, కొంప ముంచడానికి. కెర్నెల్లో, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలో, నిద్రపోవాల్సిన థ్రెడ్ (విడిగా నడిచే ఒక పని) ముందు తన స్థితిని "నిద్ర" అని రాసి, తర్వాత తను ఎదురుచూస్తున్న పని అయిందా అని చూస్తుంది. లేపే థ్రెడ్ ముందు "పని అయింది" అని రాసి, తర్వాత అవతలిది నిద్రలో ఉందా అని చూస్తుంది. చదివితే ఎక్కడా తప్పు కనపడదు. కానీ ప్రతి సీపీయూకీ ఒక స్టోర్ బఫర్ ఉంటుంది, రాసింది మెమరీకి చేరేలోపు ఆగే చోటు అది. కొట్లో చిట్టాలో రాసింది ఆవర్జాలోకి ఎక్కకముందే ఇంకొకరు ఆవర్జా తెరిచి చూసినట్టు, రెండు రాతలూ ఎవరి బఫర్లో వాళ్లకి ఉండగానే ఇద్దరూ పాత విలువలు చదివేస్తారు. పని ఇంకా కాలేదని ఇది పడుకుంటుంది. మెలకువగానే ఉందనుకుని అది లేపకుండా వెళ్లిపోతుంది. ఇక లేపే నాథుడే ఉండడు.

అందుకే ఆ స్థితిని రాసే సెట్_కరెంట్_స్టేట్ ఫంక్షన్ లోపల పూర్తి బ్యారియర్ (ముందున్న రాతలూ చదువులూ అయ్యాకే తర్వాతివి జరగాలనే అడ్డుకట్ట) పెట్టారు. లేపే వైపు వేక్_అప్_ప్రాసెస్ కూడా అవతలి స్థితి చూసే ముందు పూర్తి బ్యారియర్ వేస్తుంది. పేరుకు ముందు రెండు అండర్‌స్కోర్లున్న సెట్_కరెంట్_స్టేట్‌లో ఆ బ్యారియర్ లేదు. నువ్వు వాడింది దాన్నే. చూడటం, మార్చడం, లేపడం అన్నీ ఒకే లాక్ కింద జరిగినన్నాళ్లూ అది సరైనదే. లాక్ తీసేసిన రోజునే అది తప్పయింది, ఆ లైను నువ్వు ముట్టుకోకపోయినా.

ఇలాంటివి తలలో ఊహించుకుని తేల్చవద్దమ్మా. ఎంత అనుభవమున్నా తేలవు. ఒకప్పుడు మాకు మెమరీ-బ్యారియర్స్ అనే పెద్ద డాక్యుమెంటే దిక్కు. అందులో ఒక వాక్యానికి ఇద్దరు రెండర్థాలు చెప్పుకుంటే తీర్పు చెప్పేవాళ్లు లేరు. 2018లో లినక్స్ 4.17తో ఒక ఫార్మల్ మోడల్ కెర్నెల్ సోర్సులోకే వచ్చింది, టూల్స్ కింద మెమరీ-మోడల్ ఫోల్డర్‌లో ఉంది. జేడ్ ఆల్‌గ్లేవ్, లూక్ మారాంజె, పాల్ మెకెన్నీ, ఆండ్రియా పర్రి, అలాన్ స్టెర్న్ దాన్ని తయారుచేశారు. ఏ రాత, ఏ చదువు దేనికంటే ముందుండాలో అందులో నియమాలుగా రాసి ఉంది. హెర్డ్7 అనే టూల్ నీ చిన్న ప్రోగ్రాం ఎన్ని రకాలుగా నడవగలదో అన్నీ లెక్కగట్టి, నియమాలు ఒప్పుకోనివాటిని కొట్టేస్తుంది.

నువ్వు చేయాల్సింది ఇది. డ్రైవర్ మొత్తం పక్కన పెట్టు. రెండు ప్రాసెస్‌లు, రెండు వేరియబుల్స్‌తో లిట్మస్ టెస్ట్ (ఈ ఫలితం రాగలదా అని అడిగే బుల్లి ప్రోగ్రాం) రాయి. నువ్వు భయపడుతున్న ఫలితాన్ని చివర ఎగ్జిస్ట్స్ వరుసలో పెట్టు. దాన్ని హెర్డ్7తో నడుపు. "నెవర్" అని వస్తే అది జరగదు. "సమ్‌టైమ్స్" అని వస్తే, నీ ల్యాప్‌టాప్ ఏం చెప్పినా సరే, ఆ కోడ్ పంపకు. ఆ మెమరీ-మోడల్ ఫోల్డర్‌లోనే ఎస్‌బీ (స్టోర్ బఫరింగ్) పేరుతో మొదలయ్యే టెస్ట్‌లున్నాయి, నీ సమస్య అదే ఆకారం. క్లిట్మస్7 అనే టూల్‌తో అదే టెస్ట్‌ను కెర్నెల్ మాడ్యూల్‌గా (కెర్నెల్లోకి ఎక్కించే ముక్కగా) మార్చి ఆర్మ్ బోర్డు మీద కూడా నడుపు.

లాక్‌లూ ఈ మోడల్‌లో ఉన్నాయి, అక్కడ కూడా ఒక చోట జాగ్రత్త. ఒకే లాక్ కింద ఒకదాని తర్వాత ఒకటి రెండు క్రిటికల్ సెక్షన్లు (లాక్ పట్టుకుని నడిపే కోడ్ ముక్కలు) నడిచాయనుకో. ఆ లాక్ పట్టుకున్నవాళ్లందరికీ ఆ వరుస కనిపిస్తుంది. లాక్ పట్టుకోకుండా బయటినుంచి చూసే మూడో సీపీయూకి మాత్రం, మొదటిదాంట్లోని రాత కంటే రెండోదాంట్లోని చదువు ముందు జరిగినట్టు కనిపించవచ్చు. అక్కడ ఎస్ఎంపీ_ఎంబీ_ఆఫ్టర్_స్పిన్‌లాక్ అనే బ్యారియర్ కావాలి. జెడ్6.0 పేరుతో మొదలయ్యేవాటిలో లాక్ వాడే టెస్ట్‌లు రెండూ పక్కపక్కన పెట్టి నడిపి చూడు.

హెర్డ్‌కి పెద్ద కోడ్ ఇవ్వలేం. ఇంటరప్టులు దానికి తెలియవు, కంపైలర్ చేసే మార్పులన్నీ కూడా తెలియవు. అందుకని పంచుకునే వేరియబుల్స్‌కి రీడ్_వన్స్, రైట్_వన్స్ తప్పకుండా వాడు. మొత్తం కెర్నెల్ మీద డేటా రేసుల (ఒకే వేరియబుల్‌ను ఏ రక్షణా లేకుండా ఇద్దరు ఒకేసారి ముట్టుకోవడం, అందులో ఒకరైనా రాయడం) కోసం కేసీశాన్, లాక్‌ల వరుస కోసం లాక్‌డెప్ ఆన్ చేసి నడుపు. బ్యారియర్ పెట్టిన ప్రతిచోటా దాని జత (అవతలి వైపు బ్యారియర్) ఏ ఫంక్షన్‌లో ఉందో కామెంట్ రాయి. జత ఎక్కడుందో చెప్పలేకపోతే ఆ బ్యారియర్ ఎందుకుందో నీకింకా తెలియదన్నమాట.

ప్రస్తుతానికి స్పిన్‌లాక్ తిరిగి పెట్టేయి. సమయం ఎక్కడ పోతోందో కొలిచే పెర్ఫ్‌లో ఆ లాక్ దగ్గరే సమయం పోతోందని కనిపిస్తే అప్పుడు తీసే సంగతి చూద్దాం. ఈలోగా ఆ మోడల్‌తో వచ్చే రెసిపీస్ డాక్యుమెంట్ చదువు, ఎక్స్‌ప్లనేషన్ దాని తర్వాతే. నిద్ర-మెలకువ టెస్ట్‌లు రెండు రాసి పంపు: రెండు బ్యారియర్లూ ఉన్నదొకటి, నిద్రపోయే వైపుది తీసేసింది ఇంకొకటి. హెర్డ్ ఏం చెప్పిందో అది కూడా జతచేయి.

మీ మామయ్య