పాఠకుల ప్రశ్నలు: పాత కంప్యూటరుకు కొత్త విండోస్ తప్పదా?

ప్రశ్న: పాలకొల్లులో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, దేవాలయ ఉత్సవాల కరపత్రాలు మా ప్రధానమైన పని. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, అను తెలుగు ఫాంట్లు ఉన్న సిస్టమ్‌లో విండోస్ 10 నడుస్తోంది. దానికి మద్దతు ముగిసిందనీ, ఈ సిస్టమ్ విండోస్ 11కు సరిపోదనీ తెర మీద పదేపదే సందేశం వస్తోంది. సర్వీసు చేసే కుర్రాడు కొత్తది కొనడం తప్ప దారి లేదంటున్నాడు. చూస్తే ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఏళ్ల తరబడి చేసిన పెళ్లికార్డుల ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ముహూర్తాలు ముగిసేవరకు ఆ సిస్టమ్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. మద్దతు ముగిసిందంటే కంప్యూటరు ఆగిపోతుందని కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ముగించింది. ఆ తరువాత బయటపడే భద్రతా లోపాలకు అందరికీ ఉచితంగా అందే సవరణలు ఇక రావు, అంతే. పేజ్‌మేకర్ నిన్న తెరుచుకున్నట్టే రేపూ తెరుచుకుంటుంది, ప్రింటరు పేజీ తీస్తుంది. ప్రమాదం ముఖ్యంగా ఇంటర్నెట్ ద్వారానూ, పది షాపులు తిరిగి మీ దగ్గరికి వచ్చే పెన్‌డ్రైవుల ద్వారానూ వస్తుంది. ఆ రెండింటినీ కట్టడి చేయగలిగితే మీ యంత్రం మరికొన్నేళ్లు నిశ్చింతగా అన్నం పెడుతుంది.

మీ సిస్టమ్ ఎందుకు సరిపోలేదన్నది కూడా తెలుసుకోవాలి. విండోస్ 11 2021 అక్టోబరులో వచ్చినప్పుడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నకిలీ ప్రోగ్రాములను అడ్డుకునే సెక్యూర్ బూట్, నిర్ణీత జాబితాలోని ప్రాసెసరు ఉండాలన్న షరతులు పెట్టారు. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి వచ్చినవే ఆ జాబితాలో ఉన్నాయి. ఆ తరం 2017లో మొదలైంది. పాస్‌వర్డులకు, డిస్కుకు సంబంధించిన రహస్య సంకేతాలను విడిగా ఒక చిప్పులో దాచడం వల్ల భద్రత పెరుగుతుందన్నది నిజమే, ఆ మాట నేను కాదనను. కానీ 2016లో కొన్న, ర్యామ్ చాలినంత ఉన్న, చేయవలసిన పనిని ఏ లోటూ లేకుండా చేస్తున్న యంత్రాన్ని ఒక జాబితాలో పేరు లేదన్న కారణంతో పక్కన పెట్టమనడం, ఆ ఖర్చును చిన్న దుకాణదారుడి నెత్తిన వేయడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. మీది 2018 తరువాత కొన్నదైతే మాత్రం ఒక విషయం సరిచూసుకోండి: చాలా మదర్‌బోర్డులలో టీపీఎం ఉండి కూడా, కంప్యూటరు మొదలవగానే నడిచే అమరికల ప్రోగ్రామైన బయోస్‌లో ఆపివేసి ఉంటుంది. దానిని ఆన్ చేయగానే ‘సరిపోదు’ అన్న సందేశమే మారిపోవచ్చు. ఆ చిన్న పరీక్ష చేయకుండా కొత్తది కొనమనే సలహాను అంగీకరించకండి.

అయితే మీ విషయంలో అసలు చిక్కు ప్రాసెసరుతో కాదు, ఫాంట్లతో. అను ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కొక్క సంఖ్యను కేటాయించే ఉమ్మడి పద్ధతికి, చెందినవి కావు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో ప్రత్యేకమైన సంఖ్యలు 1991 నుంచే ఉన్నా, మన ప్రెస్సులు స్థిరపడిన పద్ధతి వేరు: రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీద తలకట్లను, గుడులను, కొమ్ములను, వత్తులను ముక్కలుగా అమర్చి పెట్టారు. అందువల్ల మీ ఫైలులో కంప్యూటరుకు కనిపించేది తెలుగు కాదు. ఫాంటు ఎక్కించని కొత్త సిస్టమ్‌లో పాత శుభలేఖను తెరిచి చూడండి. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ ఉండవలసిన చోట అర్థంలేని రోమన్ అక్షరాలు, విరామ చిహ్నాలు వరుసగా నిలబడతాయి. వధూవరుల పేర్లు, తాతయ్యల పేర్లు, భోజనాల వేళ, అన్నీ అలాగే కనిపిస్తాయి. ఫాంటును మళ్లీ ఎక్కిస్తే అక్షరాలు తిరిగి వస్తాయి గాని, మీరు టైపు చేసే మీటను ఆ ముక్కలకు మార్చి ఇచ్చే కీబోర్డు ప్రోగ్రాము కొత్త విండోస్‌లో సరిగా కూర్చుంటుందన్న హామీ ఉండదు. యాపిల్ అనే కీబోర్డు అమరికకో, మాడ్యులర్‌కో అలవాటుపడిన వేళ్లకు అది తప్పిందంటే పనే ఆగిపోతుంది.

పేజ్‌మేకర్ సంగతీ అంతే. దాని చివరి వెర్షను 7.0, వచ్చింది 2001లో. ఆ తరువాత దాని యజమాని అడోబ్ సంస్థ దృష్టి ఇన్‌డిజైన్ అనే మరో ప్రోగ్రాము మీదికి మళ్లింది. ఇరవై ఏళ్లకు పైబడిన ఆ ప్రోగ్రాము కొత్త విండోస్‌లలో తెరుచుకున్నా, ప్రింటు దగ్గరో, పీడీఎఫ్ దగ్గరో తిరగబడే అవకాశం ఉంది. పాత ప్రింటరుకు, స్కానరుకు 64 బిట్ డ్రైవరు (వాటిని విండోస్‌తో కలిపే ప్రోగ్రాము) దొరుకుతుందో లేదో ముందే చూడాలి, ఎందుకంటే విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు.

కాబట్టి నా సలహా ఇది. ఈ సిస్టమ్‌ను కూర్పు పనికే కేటాయించి, నెట్ కేబులు తీసివేయండి, వైఫై ఆపివేయండి. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలకు, మెయిళ్లకు, చెల్లింపులకు మరొక యంత్రం వాడండి. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. పెన్‌డ్రైవును ముందు అక్కడ స్కాన్ చేసి, ఆ తరువాతే ఇటు తీసుకురండి. ఇవన్నిటికంటే ముందు హార్డ్‌డిస్క్ మొత్తాన్ని, అంటే ఫైళ్లతో పాటు విండోస్‌ను, ప్రోగ్రాములను, ఫాంట్లను కలిపి, మరొక డిస్కులోకి క్లోన్ చేయించి బీరువాలో పెట్టండి. మన డెల్టాలో వేసవి గాలివానలకు కరెంటు వచ్చిపోయే తీరు మీకు తెలియనిది కాదు. అప్‌డేట్ కంటే హార్డ్‌డిస్కే ముందు దెబ్బతినవచ్చు. ప్రోగ్రాముల సీడీలు, లైసెన్సు సంఖ్యలు, లైసెన్సు కోసం పోర్టుకు తగిలించే డాంగిల్ ఉంటే అది కూడా ఒకే చోట భద్రపరచండి. పూర్తయిన ప్రతి కార్డును పీడీఎఫ్‌గా కూడా దాచడం అలవాటు చేసుకోండి, అందులో ఫాంటును ఇమిడ్చి.

నెట్ తీయడం సాధ్యం కాదంటారా, విండోస్ 10 వాడుకరులకు అదనపు భద్రతా సవరణలను 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దానికి సిస్టమ్ 22హెచ్2 వెర్షనులో ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు కావాలి. అది గడువు పెంపే గాని పరిష్కారం కాదు.

ఇక ఆ సందేశాల విషయంలో మీ విసుగు న్యాయమైనదే. ఈ ఒత్తిడి కొత్తది కాదు: 2015 జూలై 29న విండోస్ 10ను విడుదల చేసి, విండోస్ 7, 8.1 వాడేవారికి ఏడాదిపాటు ఉచితమన్నారు. 2016 ఆరంభంలో దానిని ‘సిఫార్సు చేసిన’ అప్‌డేట్ల వరుసలో చేర్చడంతో, అడగకుండానే చాలామంది సిస్టమ్‌లలోకి దిగింది. ఆ ఏడాది మే నెలకు వచ్చేసరికి, సందేశం పెట్టె మూలనున్న ఇంటూ గుర్తును నొక్కి మూసినా ముందే నిర్ణయించిన అప్‌గ్రేడ్ రద్దయ్యేది కాదు. విమర్శలు వెల్లువెత్తాకే స్పష్టంగా ‘వద్దు’ అనే మీటను పెట్టారు. మూయడమంటే ఒప్పుకోవడమని లెక్కగట్టిన ఆ పద్ధతిని నేను ఎన్నడూ సమర్థించలేను. కంప్యూటరు కొన్నవాడిది, అందులోని సమయమూ వాడిదే.

ప్రశ్న: తణుకు దగ్గర మా రైస్ మిల్లులో వేబ్రిడ్జికి కలిపిన కంప్యూటరు ఇంకా విండోస్ ఎక్స్‌పీతోనే ఉంది. లారీ తూకం చీటీలు దాని నుంచే వస్తాయి. మార్చాలా?

జవాబు: ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది. అయినా నెట్‌తో సంబంధం లేకుండా తూకం ఒక్కటే చూస్తున్నంతకాలం దానిని మార్చవలసిన అవసరం లేదు. మీరు భయపడవలసింది సీపీయూలో పేరుకునే తవుడు దుమ్ముకు, పాతబడిన డిస్కుకు. డిస్కును క్లోన్ చేయించండి, తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉన్న పాత మదర్‌బోర్డు దొరికితే ఒకటి తీసి ఉంచండి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుళ్లు ఉన్నాయి గాని, అన్ని తూకపు ప్రోగ్రాములూ వాటితో కుదురుకోవు; సీజను లేని రోజుల్లో పరీక్షించి చూసుకోవాలి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, అమలాపురంలో ఉంటాను. విండోస్ 7 ఉన్న డెస్క్‌టాప్‌ను ఉత్తరాలకు, బ్యాంకు పనికి, విదేశంలో ఉన్న అమ్మాయితో మాట్లాడడానికి వాడుతున్నాను. ఈ మధ్య ఏ సైటు తెరిచినా ‘సురక్షితం కాదు’ అంటోంది. తీసి పారేయమని ఇంట్లో అందరూ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు: మాస్టారూ, పారేయకండి. ముందుగా తెర కింది మూలన తేదీ చూడండి. అక్కడ 2009 అనో, 2010 అనో ఉంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. సైట్ల భద్రతా పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మీ కంప్యూటరు పాత సంవత్సరంలో ఉన్నాననుకుంటే ఆ పత్రాలు ఇంకా మొదలే కాలేదని తిరస్కరిస్తుంది. ఆ బ్యాటరీ ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా కొద్దిపాటి ధరకే దొరుకుతుంది.

తేదీ సరిగానే ఉంటే కారణం బ్రౌజరు. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న ఆగింది. క్రోమ్ కూడా 109వ వెర్షనుతో దానిని వదిలేసింది. బ్యాంకు పని ఆ స్థితిలో చేయకండి, ఈ విషయంలో మాత్రం నేను రాజీ పడలేను. ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే వారి సాయంతో విండోస్‌కు బదులుగా నడిచే లైనక్స్ మింట్ వేయించుకోండి. అది ఉచితం, 22వ వెర్షనుకు 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి, ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం పాత యంత్రాల మీద బాగా నడుస్తుంది. 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ స్థానంలో అంతకంటే వేగంగా పనిచేసే ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే తేడా మీకు మొదటి రోజే తెలుస్తుంది. మీరు యూనికోడ్‌లో రాసిన ఉత్తరాలు అందులో యథాతథంగా తెరుచుకుంటాయి, తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక కూడా ఉంటుంది. పింఛను కోసం ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి కంప్యూటరుతో పనిలేదు, ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు.

వేయించే ముందు మింట్‌ను పెన్‌డ్రైవు నుంచే నడిపి, మీ ప్రింటరు, వెబ్‌క్యామ్, మైకు పనిచేస్తున్నాయో లేదో చూడమనండి. అప్పటివరకు డిస్కులో ఏదీ మారదు. పాత డిస్కును చెరపనివ్వకండి. ఎస్‌ఎస్‌డీ పెట్టాక దానిని కవరులో చుట్టి, పైన తేదీ రాసి దాచుకోండి. ఏదైనా ఫొటో మిగిలిపోయిందని ఆరు నెలల తరువాత గుర్తొచ్చినా తీసుకోవచ్చు.