కింగ్‌కు మేనేజర్ ఎవరు?

గుంటూరులో బీకాం, నాలుగేళ్ళు ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు, పెళ్ళి, న్యూజెర్సీలోని ఎడిసన్ రాక, హెచ్-4 ఆశ్రిత వీసా మీద మూడేళ్ళు ఇంట్లో, ఇప్పుడు చేతిలో పని అనుమతి కార్డు. మీ ఉత్తరం సారాంశం ఇది. "అక్కా, అందరూ డేటాబేస్ నేర్చుకోమంటున్నారు. ఒకరు క్లౌడ్ అంటారు, ఒకరు బిగ్ డేటా అంటారు. ఒక శిక్షణ సంస్థ వాళ్ళయితే మూడు వేల డాలర్లు కట్టు, ఎనిమిది వారాల్లో ఉద్యోగం మా పూచీ అంటున్నారు. పద్దులు రాసుకునే నాకు ఇది వస్తుందా?" అని అడిగారు.

వస్తుంది. సగం వచ్చేసింది కూడా. దాన్ని డేటాబేస్ అంటారని మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ట్యాలీలో కొత్త కంపెనీ తెరిస్తే ముందుగా ఏం చేసేవారు? మాస్టర్లు పెట్టుకునేవారు: ఖాతాదారులు, సరుకులు, కొలతలు. ఆ తర్వాత రోజూ వోచర్లు వేసేవారు. ఏ వ్యాపారపు డేటాబేస్ తీసుకున్నా ఇదే వాటం. అరుదుగా మారేవి ఒకచోట, రోజూ జరిగేవి ఇంకొకచోట. కంప్యూటర్ పుట్టకముందే మన కిరాణా కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో జరిగింది జరిగినట్టు తేదీల వారీగా రాయడం, ఆవర్జాలో ఖాతాల వారీగా ఎత్తి రాయడం. చిట్టాలో తప్పు పడితే చెరిపేసేవారు కాదు, సరిచేసే పద్దు మరొకటి రాసేవారు. నేను పనిచేసే బీమా కంపెనీలో నిన్న మధ్యాహ్నం రెండు గంటలసేపు ఈ ఒక్క నియమం మీదే వాదన జరిగింది. డెబిట్ పడి క్రెడిట్ పడకపోతే ఆ పద్దు చెల్లదని మీకు తెలుసు కదా? డేటాబేస్‌లో దాన్ని ట్రాన్సాక్షన్ అంటారు. రెండూ పడితే కమిట్, అంటే ఖాయం; ఒకటి తప్పినా రోల్‌బ్యాక్, అంటే మొత్తం వెనక్కి. ఇంజనీరింగ్ చదివి వచ్చిన పిల్లలకు ఇది చెప్పడానికి నాకు ఒక పూట పడుతుంది.

ఇక నా సంగతి. 1999లో అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో, ఊపిరాడని గదిలో ఎనభై మందిమి కూర్చుని ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాం. లాగిన్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. ఎంప్ అనే టేబుల్, అందులో 14 మంది ఉద్యోగులు. డెప్ట్ అనే టేబుల్, అందులో 4 విభాగాలు. ఆ కాలంలో అమీర్‌పేట మీదుగా వచ్చిన ఎవరిని నిద్రలో లేపి అడిగినా ఆ పద్నాలుగు పేర్లూ చెప్పేవారు. ఒకరోజు మాస్టారు ప్రతి ఉద్యోగి పక్కన అతని మేనేజర్ పేరు రావాలన్నారు. రాశాం. 13 వరుసలే వచ్చాయి. "కింగ్ పోయాడు. ఆ పక్కన బ్రాకెట్లో ప్లస్ గుర్తు పెట్టండి, వస్తాడు" అన్నారు. పెట్టాం, వచ్చాడు. ఎందుకు పోయాడో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. గంట కొట్టారు, తర్వాతి బ్యాచ్ తలుపు దగ్గర నిలబడి ఉంది.

కింగ్ ఆ కంపెనీ ప్రెసిడెంట్. అతనికి పైన ఎవరూ లేరు, కాబట్టి మేనేజర్ గడి ఖాళీ. ఖాళీ గడి దేనితోనూ జతపడదు, కాబట్టి వరుసలను జతపరిచే జాయిన్‌లో జారిపోయాడు. ఇది నాకు అర్థమైంది ఇక్కడికి వచ్చాక, మొదటి ఉద్యోగంలో. ఏజెంట్ల వారీగా పాలసీల లెక్క తీసిచ్చాను. మా పై అధికారి మొత్తం చూసి, "మిగతా ప్రీమియం ఎక్కడికి పోయింది?" అని అడిగింది. ఏజెంటు లేకుండా నేరుగా కంపెనీ దగ్గర కొనుక్కున్నవాళ్ళంతా నా లెక్కలోంచి జారిపోయారు. ఒక్క కింగ్ కాదు, వేలమంది కింగులు.

అదే టేబుల్‌లో కమీషన్ కాలమ్ ఇంకా మంచి పాఠం. నలుగురికే అంకెలుంటాయి: 300, 500, 1400, టర్నర్‌కు సున్నా. మిగతా పదిమందికీ ఖాళీ. సగటు అడిగితే కంప్యూటర్ 550 అంటుంది, ఎందుకంటే అది ఖాళీలను లెక్కలోకే తీసుకోదు. 14 మందికీ పంచితే 157 చిల్లర వస్తుంది. ఏది సరైనది? ఈ ప్రశ్నకు డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ దగ్గర జవాబు లేదు. టర్నర్ సేల్స్‌మన్, కమీషన్‌కు అర్హుడే, ఏమీ రాలేదు. గుమాస్తాకు అసలు కమీషన్ వర్తించదు. ఇంకొక కంపెనీలో ఖాళీ గడికి "ఇంకా లెక్క కట్టలేదు" అని అర్థం కావచ్చు. సున్నా, వర్తించదు, తెలియదు: ఈ మూడింటికీ తేడా కనిపెట్టి అడిగే మనిషి కోసం కంపెనీలు జీతమిస్తాయి. ఈ ఖాళీ గడినే నల్ అంటారు. దాని మీద అమీర్‌పేటలో మేము పది నిమిషాలు గడిపాం. నా ఉద్యోగ జీవితంలో సగం తగాదాలు దాని మీదే.

ఖాళీ గడి మహిమ చూడాలంటే మన పాస్‌పోర్టులే చాలు. ఇంటిపేరు గడి వదిలేసి పేరంతా ఒకేచోట రాయించుకున్నవాళ్ళకు అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, సొంత పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదని దాని అర్థం. ఆ కాలమ్ ఖాళీగా ఉండకూడదని ఎవరో నియమం పెట్టారు, మన ఊళ్ళో పేర్లు ఎలా ఉంటాయో వాళ్ళను ఎవరూ అడగలేదు. ఫలితంగా బ్యాంకు వాళ్ళు "మిస్టర్ ఎఫ్‌ఎన్‌యూ" అని ఉత్తరాలు రాస్తారు.

కాబట్టి మొదటి రెండు నెలలు క్లౌడ్ వైపు చూడకండి. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన ఒక వ్యాసం నుంచి వచ్చింది ఈ టేబుళ్ళ పద్ధతి. ఎస్‌క్యూఎల్ 1986లో అమెరికా ప్రమాణమైంది. నేను వచ్చాక ఇది నేర్చుకోకపోతే రోజులు గడవవని భయపెట్టిన సాఫ్ట్‌వేర్లు ఎన్నో అడ్రసు లేకుండా పోయాయి. టేబుళ్ళు, ఎస్‌క్యూఎల్ మాత్రం ఇంకా నాకు అన్నం పెడుతున్నాయి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో పోస్ట్‌గ్రెస్ ఉచితం, ఎస్‌క్యూలైట్ ఉచితం. మీ ల్యాప్‌టాప్ చాలు. చాలా ఊళ్ళ లైబ్రరీలు కార్డు ఉన్నవాళ్ళకు ఆన్‌లైన్ పాఠాలు కూడా ఉచితంగానే ఇస్తాయి. తరగతిలో కూర్చుంటేనే చదవగలనంటే కౌంటీ కాలేజీలో ఒక సబ్జెక్టు తీసుకోండి. ఆ కౌంటీ నివాసులకు ఫీజు తక్కువ.

స్కాట్ టైగర్‌తో ఆగకండి. మీరు సరుకులు కొనే ఇండియన్ కొట్టు బిల్లు ఒకటి తెచ్చుకుని ముందుంచుకోండి. కంప్యూటర్ తెరవకుండా, కాగితం మీద దాన్ని టేబుళ్ళుగా విడగొట్టండి. ప్రతి టేబుల్ పైన ఒక వాక్యం రాయండి: "ఇందులో ఒక వరుస అంటే ఫలానా." ఒక బిల్లా? బిల్లులో ఒక సరుకా? ఈ వాక్యం రాయలేకపోతే ఆ టేబుల్ తప్పు. ఇరవై ఏళ్ళ అనుభవం దాటినవాళ్ళు కూడా దీన్ని దాటవేసి, బిల్లు మొత్తాన్ని సరుకుల వరుసలతో జాయిన్ చేసి, ప్రతి వరుసలోనూ అదే మొత్తం మళ్ళీ పడేలా చేసి, అమ్మకాలను మూడింతలు చూపించిన సందర్భాలు నేను చూశాను.

అప్పుడు అసలు చిక్కులు పడతాయి. కందిపప్పు ఒక బిల్లు మీద తూర్ దాల్, ఇంకొకదాని మీద అర్హర్, మరొకదాని మీద కంది అని ఉంటుంది. మూడూ ఒకటేనని మీకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. కొట్టతను ఏ పప్పు ఎక్కువ పోతోందని అడిగితే మూడు ముక్కలైన కంది వెనకబడి, పెసరపప్పు మొదటి స్థానానికి వచ్చేస్తుంది. పెద్ద కంపెనీల్లో దీనికి మాస్టర్ డేటా మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టి ఒక విభాగమే నడుపుతారు. చేసే పని కందిని కందితో కలపడమే.

తిరిగిచ్చిన సరుకులు మైనస్ సంఖ్యతో ఉన్నాయా, వేరే టేబుల్‌లో ఉన్నాయా? ఇది కొట్టతనినే అడగాలి. ఈ రోజుల్లో ఏఐని అడిగితే ఎస్‌క్యూఎల్ చకచకా రాసిచ్చేస్తుంది, నేనూ వాడతాను. ఆ కొట్టు పద్ధతి మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు.

ఎక్సెల్‌తో రెండు జాగ్రత్తలు. మన న్యూజెర్సీ జిప్ కోడ్‌లు సున్నాతో మొదలవుతాయి. 08817ను ఎక్సెల్ అంకె అనుకుని 8817 చేసేస్తుంది. కూడికలు, తీసివేతలు చేయనిదేదైనా, అంకెల్లో ఉన్నా సరే, అక్షరాల కింద లెక్క. రెండోది తేదీ. మనకు 03/04 ఏప్రిల్ మూడు, ఇక్కడివాళ్ళకు మార్చి నాలుగు. 12 దాటిన తేదీల్లో తప్పు బయటపడుతుంది, 12 లోపువి నోరెత్తకుండా తప్పుగా కూర్చుంటాయి. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాయడం అలవాటు చేసుకోండి. పెద్దవాళ్ళూ పడతారు ఈ గోతుల్లో. 2020 అక్టోబరులో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ లెక్కల్లో 15,841 కోవిడ్ కేసులు జారిపోయాయి. పాత ఎక్సెల్ ఫైల్లో 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి లోపలికి రాలేదు.

మూడు వేల డాలర్ల సంగతి. పాఠం చెప్పినందుకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఉద్యోగం మా పూచీ అన్నారంటే మాత్రం మీ రెజ్యూమెలో లేని ఆరేళ్ళ అనుభవం రాయబోతున్నారని, మీ బదులు ఇంకొకరిని ఇంటర్వ్యూలో మాట్లాడించబోతున్నారని అనుమానించాలి. ఆ ఆరేళ్ళు గ్రీన్ కార్డు దాకా మీ వెంటే వస్తాయి. నాలుగేళ్ళ నిజమైన ట్యాలీ అనుభవాన్ని దాచేసి ఆరేళ్ళ అబద్ధం రాసుకోవడం ఎందుకు? డేటా ఇంజనీర్ అనే గుమ్మం ముందు వేలమంది తోసుకుంటున్నారు. మీరు అకౌంట్స్ గుమ్మంలోంచి రండి. ఒక మోస్తరు కంపెనీలో అకౌంట్స్ పేయబుల్, అంటే కంపెనీ కట్టవలసిన బిల్లులు చూసే ఉద్యోగం పట్టండి. నెలాఖరులో చేతితో గంటలు గంటలు చేసే రిపోర్టు ప్రతి ఆఫీసులోనూ ఒకటి ఉంటుంది. దాన్ని ఎస్‌క్యూఎల్‌తో తీసిచ్చిన రోజు మీ పేరు ఆఫీసంతా తెలుస్తుంది. మా బృందంలో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే.

ఒక్క హెచ్చరిక. రాత్రి ఇంట్లో చేసుకుందామని ఆఫీసు ఫైలును సొంత మెయిల్‌కు పంపుకోకండి. మన దగ్గర అది శ్రద్ధ అనిపించుకుంటుంది. ఇక్కడ దానివల్ల ఉద్యోగం పోయిన తెలుగబ్బాయి నాకు తెలుసు. పని అనుమతి కార్డు గడువు తేదీ కూడా గోడ మీద రాసుకోండి, ఆ తేదీకి 180 రోజుల ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు.

మీ తమ్ముడు బిజినెస్ ఎనలిటిక్స్‌లో ఎమ్మెస్‌కు వస్తున్నాడన్నారు. పేరు చూసి చేరవద్దనండి. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే, చదువు సంబంధమైన పని అనుమతి అయిన 12 నెలల ఓపీటీకి తోడు ఇంకో 24 నెలలు దొరుకుతాయి. ఒకే రకం పేరున్న కోర్సుకు ఒక కాలేజీలో ఆ కోడ్ ఉంటుంది, పక్క కాలేజీలో ఉండదు. ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడిగించండి.

కొట్టు బిల్లు టేబుళ్ళు గీశాక ఫోటో తీసి పంపండి, నేను ఎర్ర పెన్నుతో సిద్ధంగా ఉంటాను. కొనుగోలుదారుల టేబుల్‌లో మీ ఇంటి చిరునామాయే మొదటి వరుసగా వేయండి. జిప్ కోడ్ ముందు సున్నా ఉందేమో చూసుకోండి.