ఏప్రిల్‌లో కామినో నడక: చలికా, వానకా, ఎండకా?

ప్రశ్న: ఏప్రిల్ మొదటి వారంలో ఫ్రాన్స్‌లోని సేంట్ జాన్‌లో బయల్దేరి, కామినో ఫ్రాన్సెస్ అనే క్రైస్తవ యాత్రాదారిన స్పెయిన్‌లోని శాంటియాగో దాకా నడవాలని నేనూ మా అక్కా అనుకుంటున్నాం. వసంతమే కదా, సన్నటి స్వెట్టరు ఒకటి చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: మొదటి రోజుకే చాలదు. ఈ దారికి నెలను చూసి కాదు, ఎత్తును చూసి సర్దుకోవాలి. సేంట్ జాన్ సుమారు 170 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కొండల మీదుగా పోయే నపోలియన్ దారి పడితే అదే రోజు లెపోయెదెర్ కనుమ దగ్గర 1,430 మీటర్లకు ఎక్కి, 950 మీటర్ల దగ్గరున్న రోన్సెస్‌వాయెస్‌కు దిగాలి. అంతా కలిపి దాదాపు 25 కిలోమీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది. అంటే కింద 12 డిగ్రీలుంటే పైన 4. ఈదురుగాలి ఆ లెక్కలో లేదు.

నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఈ దారిని మూసేస్తారు. ఏప్రిల్ 1న తెరిచారంటే మంచు పడదని హామీ ఇచ్చినట్టు కాదు. ముందురోజు సాయంత్రం సేంట్ జాన్‌లోని యాత్రికుల కార్యాలయంలో అడగండి. వాళ్లు వద్దంటే వాదించకుండా వాల్‌కార్లోస్ మీదుగా వెళ్లండి. అందులో ఎత్తైన చోటు ఇబాన్యేతా కనుమ, 1,057 మీటర్లు. ఆ దారి చాలావరకు రోడ్డు పక్కనే సాగుతుంది. కొండ మీది అందాలు ఉండవు, నిజమే. కానీ పొగమంచు కమ్మితే పై దారిలోనూ కనిపించవు.

నపోలియన్ దారినే వెళ్లి, ఎక్కుడును రెండు రోజులకు పంచుకోవాలంటే 8 కిలోమీటర్ల దగ్గర ఒరిసోన్‌లో రాత్రి ఆగొచ్చు. మంచాలు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. ఆ తర్వాత పైన ఉన్న చిన్న అత్యవసర గదిని నమ్ముకుని వాన ముదిరే రోజున బయల్దేరకండి.

మంచు కన్నా ఎక్కువ దెబ్బతీసేది 5 డిగ్రీల చలిలో వాన, గాలి కలిసి రావడం. మనిషి వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, అడుగు తడబడుతుంటే ఒంట్లో వేడి పడిపోతోందని అర్థం. గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు మార్చి, 112కు ఫోన్ చేయండి.

ఇక బట్టలు. ఒంటికి ఆనుకుని సన్నటి ఊలు లేదా సింథటిక్ బనియను, దానిపై ఫ్లీసు, ఆపైన వాన ఆపే కోటు. నూలు వద్దు: తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒక జత ఒంటిమీద, ఒక జత సంచిలో, అంతే. టోపీ, చేతి తొడుగులు మాత్రం మానకండి. దారిలోని బుర్గోస్ నగరం చుట్టుపక్కల ఏప్రిల్ రాత్రులు 3 డిగ్రీల దాకా దిగుతాయి. కొన్ని ఆల్బెర్గేల్లో, అంటే యాత్రికుల వసతుల్లో, దుప్పట్లు ఇవ్వరు. 5 నుంచి 10 డిగ్రీలకు సరిపడే స్లీపింగ్ బ్యాగ్ ఉండాలి. మొత్తం సంచి మీ బరువులో పదో వంతు దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: వానకు పాంచోనా, రెయిన్‌కోటా? వాటర్‌ప్రూఫ్ బూట్లు కొనాలా?

జవాబు: పాంచో అంటే తలమీదుగా వేసుకునే వదులు వాన తొడుగు. కొండమీద గాలికి అది గాలిపటమే, ముఖానికి చుట్టుకుని దారి కనపడనివ్వదు. దారి చివర వచ్చే గలీసియా ప్రాంతపు అడవుల్లో గాలి తక్కువగా ఉండి రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు మాత్రం అదే సుఖం: సంచినీ కప్పుతుంది, లోపల చెమటా పట్టదు. ఒక్కటే కొనేటట్టయితే ఏప్రిల్‌కు మా ఓటు కోటుకే.

సంచికి పై తొడుగు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. వీపుకూ సంచికీ మధ్య జారిన నీరు వెనకనుంచి లోపలికి దిగుతుంది. సాయంత్రం తెరిస్తే పైన పొడి, అడుగున స్లీపింగ్ బ్యాగ్ తడిసి ముద్ద. సంచి లోపలే మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి, సామాను అందులో సర్ది, మూతి మెలితిప్పి మడవండి.

వాటర్‌ప్రూఫ్ బూట్లలో చీలమండ దగ్గర నీరు దూరిందంటే ఇక బయటికి పోదు, రెండు రోజులైనా ఆరవు. జాలీ బూట్లు త్వరగా తడుస్తాయి, త్వరగా ఆరతాయి. లోపల పాత న్యూస్‌పేపరు కుక్కి, గంటకోసారి మార్చండి. హీటరు మీద పెడితే జిగురు ఊడి అట్ట విడిపోతుంది. ఊలు సాక్సులు మూడు జతలు ఉంచుకుని మధ్యాహ్నం ఒకసారి మార్చండి. తడి సాక్సుల్లో మెత్తబడిన పాదమే బొబ్బలెక్కుతుంది. దారిలో వచ్చే లా రియోహా ప్రాంతపు ఎర్రమట్టి బూటుకు అంటుకుని అరకిలో బరువు తెస్తుంది, చేతికర్రతో గీకుతూ నడవాల్సిందే.

ప్రశ్న: తెల్లవారుజామున 5కే బయల్దేరాలంటారు. ఏప్రిల్‌లోనూ అంతేనా?

జవాబు: అది వేసవి మాట. అక్కడి గడియారం సూర్యుడికన్నా బాగా ముందుంటుంది. ఏప్రిల్ మధ్యలో శాంటియాగోలో ఉదయం 8 దగ్గర పొద్దుపొడుస్తుంది. చీకట్లో గడ్డకట్టిన బురదమీద జారేకన్నా వెలుగొచ్చాక బయల్దేరడం మేలు. ఎండ పూర్తిగా నెత్తిమీదికొచ్చేదీ మధ్యాహ్నం 2 దాటాకే. పడమరకు నడుస్తారు గనక ఎండ ఎక్కువగా ఎడమవైపే తగులుతుంది: ఎడమ చెవి, ఎడమ పిక్క, మెడ. చల్లగాలికి మంట తెలియదు, రాత్రికి తెలుస్తుంది. సన్‌స్క్రీన్ అటువైపు రెండోసారి పూయండి. కారియోన్ ఊరు దాటాక కాల్సాదియా ఊరి దాకా 17 కిలోమీటర్లు ఊరూ లేదు, నీడా లేదు. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి.

ప్రశ్న: సెలవు సరిగ్గా 33 రోజులే. సరిపోతుందా?

జవాబు: వాన పడకపోతే. దూరం 780 కిలోమీటర్ల చిల్లర, రోజుకు సగటున 24. మూడు రోజులు చేతిలో ఉంచుకోండి: ఒకటి సేంట్ జాన్‌లో వాతావరణం తెరిపివ్వడానికి, రెండు దారిలో. దారిలోని ఎత్తైన కొండచోట్లు, 1,500 మీటర్ల క్రూస్ దె ఫెర్రో, 1,300 మీటర్ల ఓ సెబ్రెయిరో, మీకు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో వస్తాయి. అప్పటికీ చలిబట్టలు ఇంటికి పంపేయకండి. మే నలభయ్యో తేదీ దాకా కోటు విప్పొద్దని స్పెయిన్‌లో సామెత, అంటే జూన్ 9 అన్నమాట. సెలవు పెరగకపోతే దారి తగ్గించండి. శాంటియాగోలో ఇచ్చే యాత్రాపత్రానికి నడిచేవాళ్లకు చివరి 100 కిలోమీటర్లు తప్పనిసరి. కాబట్టి బుర్గోస్ నుంచి లియోన్ దాకా రైలెక్కి వారం మిగుల్చుకున్నా ఆ పత్రం ఎక్కడికీ పోదు.