మెట్టు దిగిందా, జారిందా?

పాడ్‌కాస్ట్, రికార్డింగ్, గొంతు... వీటి గురించి పాఠకులు అడిగినవాటికి జవాబులు. ఈ నెల నాలుగు ఉత్తరాలు.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. 2022 సంక్రాంతికి పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. పాత గుంటూరు కబుర్లు, మా ఇంటి పెద్దవాళ్ల జ్ఞాపకాలు చెబుతుంటాను. ప్రతి ఆదివారం ఒక ఎపిసోడ్. ఒక్క వారం కూడా మానలేదు. 2023 వేసవిలో నెలకు 4,000 డౌన్‌లోడ్ల దాకా వచ్చేవి. ఇప్పుడు 1,300 దాటడం లేదు. మావారు "ఇంక చాల్లే, ఆపెయ్" అంటున్నారు. నా గొంతు బాగాలేదో, జనానికే విసుగొచ్చిందో తెలియడం లేదు. రాత్రిళ్లు ఆ అంకెలు చూసుకుంటూ టెన్షన్ పడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు రాత్రిపూట ఆ అంకెలు తెరవడం మానండి. పొద్దున చూసినా అవే ఉంటాయి.

ఉత్తరంతోపాటు గ్రాఫ్ ఫొటోలు కూడా పంపారు కాబట్టి నా పని తేలికైంది. చాలామంది "తగ్గిపోయిందండీ" అంటారు గానీ ఎప్పటినుంచి తగ్గిందో చెప్పరు. మీ గ్రాఫ్‌ను ప్రింటు తీయించి, భోజనాల బల్ల మీద పరిచి, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చూశాను. అది మొదటి నుంచీ ఒకే తీరుగా పడలేదు. రెండు చోట్ల మెట్టు దిగినట్టు టక్కున దిగింది. ఆ తర్వాత జారుడుబల్ల మీద జారినట్టు నెలనెలా కొంచెం కొంచెం జారింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే గుండె దడ తప్ప ఏమీ మిగలదు. మీ కబుర్లు విసుగొచ్చి వెళ్లేవాళ్లు అందరూ కూడబలుక్కుని ఒకే నెలలో వెళ్లరు. ఒకరు ఉగాదికి మానేస్తే ఇంకొకరు దసరాకి మానేస్తారు. టక్కున పడిందంటే మీ గొంతుకన్నా ముందు ఫోన్లనూ యాప్‌లనూ అనుమానించాలి.

మొదటి మెట్టు 2023 సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉంది. 4,000 నుంచి 2,800కి దిగింది. దేశాలవారీ పట్టిక చూస్తే పడినదంతా దాదాపు అమెరికాదే. అక్కడ మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఐఫోన్లే కదా. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్తది, ఆపిల్ ఐఓఎస్ 17 వచ్చింది. అంతకుముందు ఎవరైనా మీ షోను ఫాలో కొట్టి, రెండు నెలలు పట్టించుకోకుండా వదిలేసి, ఓ రోజు మళ్లీ ఒక ఎపిసోడ్ నొక్కితే, మధ్యలో తప్పిపోయినవన్నీ ఫోన్లోకి దిగిపోయేవి. విన్నా వినకపోయినా అన్నీ మీ లెక్కలో పడేవి. ఐఓఎస్ 17తో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ అలా పాతవి దించడం ఆపేసింది. పెద్ద పెద్ద షోల అంకెలే అప్పుడు పడిపోయాయి. అసలు డౌన్‌లోడ్ అంటే విన్నట్టు కాదు. ఈ రంగమంతా వాడే, ఐఏబీ అనే ఆన్‌లైన్ ప్రకటనల సంస్థ పెట్టిన కొలత ప్రకారం ఒక నిమిషం ఆడియో ఫోన్లోకి దిగితే ఒక డౌన్‌లోడ్. అది చెవిలోకి వెళ్లిందో లేదో ఆ లెక్కకు అక్కర్లేదు. డాలస్‌లో ఉండే మా ఆడపడుచు ఫోన్లో ఒకసారి చూస్తే నా పాడ్‌కాస్ట్ ఎపిసోడ్లు ముప్పై ఎనిమిది దిగి ఉన్నాయి. "అన్నీ ఉన్నాయి వదినా, తీరిక చూసుకుని వింటా" అంది. అప్పటిదాకా ఆ ముప్పై ఎనిమిదీ చూసుకుని నేనెంత మురిసిపోయానో! కాబట్టి ఈ 1,200కి ఏడవకండి. అందులో చాలావరకు ఎవరూ విననివే.

రెండో మెట్టు 2024 జూన్, జులైలలో ఉంది. 2,800 నుంచి 2,100కి వచ్చింది. ఈసారి పడినవి మన దేశంవి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ మూతపడింది అప్పుడే. అమెరికాలో ఏప్రిల్‌లోనే ఆపేశారు, మిగతా దేశాల్లో జూన్‌లో. మీ జాబితాను యూట్యూబ్ మ్యూజిక్‌కి మార్చుకోండి అని ఒక బటన్ ఇచ్చారు, నిజమే. తెనాలిలో మా మేనమామ ఉన్నాడు, డెబ్బై ఆరేళ్లు. మనవడు ఫోన్లో ఆ యాప్ పెట్టి ఇచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. ఈయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ నా ఎపిసోడ్ పెట్టుకునేవాడు. ఆ బటన్ ఈయనేం నొక్కుతాడు? దీపావళికి వెళ్తే, "ఏమే, చెప్పడం మానేశావుట, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. నేను మానేశాననే అనుకున్నాడు! నాలుగు నెలలుగా నాకు ఒక శ్రోత తగ్గాడని నేనూ, కార్యక్రమం ఆగిపోయిందని ఆయనా ఎవరి బాధ వాళ్లం పడ్డాం.

మీ వాళ్లలోనూ ఇలా దారి తప్పినవాళ్లు ఉంటారు. వాళ్లకి మీ మీద విసుగు లేదు, మీరెక్కడున్నారో తెలియదంతే. మీ వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి ఊరుకోకండి. మీ గొంతుతో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి: "నేను ఇంకా చెబుతూనే ఉన్నానండీ, ఇదిగో ఇక్కడ వినండి" అని. పెద్దవాళ్లకి యూట్యూబ్ ఒక్కటే చెప్పండి, అది ప్రతి ఫోన్లో ఉంటుంది. యూట్యూబ్ స్టూడియోలో మీ ప్లేలిస్టును పాడ్‌కాస్ట్‌గా గుర్తు పెడితే యూట్యూబ్ మ్యూజిక్‌లోనూ కనిపిస్తుంది.

ఇక 2,100 నుంచి 1,300కి జారుడు. ఇది మాత్రం మీదే. నెలకు నాలుగు ఎపిసోడ్లు కాబట్టి ఎనిమిది వందలంటే మహా అయితే రెండొందల మంది. పెళ్లిలో రెండు బంతుల జనం. వాళ్లెందుకు లేచి వెళ్లారో తెలుసుకోవాలని మీ మిర్చి యార్డు ఎపిసోడ్‌ను నోటుబుక్కు పక్కన పెట్టుకుని విన్నాను.

వీణ, 48 సెకన్లు. నమస్కారం. మీ పేరు, ఊరు, పాడ్‌కాస్ట్‌కి ఆ పేరెందుకు పెట్టారో. "గత వారం మనం చెప్పుకున్నాం కదా" అంటూ గత వారం. వాట్సాప్ గ్రూపులో చేరమని. మెసేజ్‌లు పెట్టిన ఐదుగురికి పేరుపేరునా కృతజ్ఞతలు. ఆ వారం పడిన వాన. ఆరు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర ఈ మాట: "మా నాన్న మిర్చి యార్డులో గుమస్తా. సాయంత్రం ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, ఇంట్లో మాకు తుమ్ములొచ్చేవి."

పెన్ను కింద పెట్టేశాను. ఆ తర్వాత టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసే ముఠావాళ్లు, తూకం దగ్గర గొడవ, చొక్కా ఉతికేటప్పుడు మీ అమ్మగారి చేతుల మంట... నోటుబుక్కులో ఒక్క అక్షరం లేదు. అంత మంచి మాటను ఆరు నిమిషాల లోతున ఎందుకు పాతిపెట్టారమ్మా?

మీరు పంపిన స్పాటిఫై గ్రాఫ్ కూడా అదే చెబుతోంది. మొదలుపెట్టిన వందమందిలో ఐదో నిమిషానికి 57 మంది మిగిలారు. మీ నాన్నగారు వీధి మలుపు తిరిగేసరికి సగం మంది ఇంట్లో లేరు. ఉన్నవాళ్లు మాత్రం తర్వాత అరగంట దాకా కదల్లేదు, గీత బల్లపరుపుగా ఉంది. జనానికి విసుగొచ్చిందా అని అడిగారే, వచ్చింది మీ కథకి కాదు.

వచ్చే వారం నుంచి మైకు ఆన్ చేయగానే తుమ్ముల మాటలాంటిది ఒకటి చెప్పండి, నమస్కారం కూడా లేకుండా. తర్వాత ఐదు సెకన్ల వీణ, ఒక్క వాక్యంలో మీరెవరో, మళ్లీ కథ. వీణ మీ అమ్మాయి వాయించిందని రాశారు. అందుకే తీసేయమనడానికి నాకు నోరు రావడం లేదు. చివర్లో మొత్తం వేయండి. కృతజ్ఞతలూ అక్కడే.

ఇంకో సంగతి. 2022లో మీ ఎపిసోడ్లు పాతిక నిమిషాలు ఉండేవి, ఇప్పుడు యాభై ఐదు. ఇది నాకూ జరిగింది. నా షో జారుతున్నప్పుడు పదకొండు మందికి ఫోన్ చేశాను. "ఎందుకు మానేశారు?" అని అడిగితే అందరూ మొహమాటానికి "కొంచెం బిజీ అండీ" అన్నారు. అలా కాదని, "చివరిసారి విన్నప్పుడు ఏం చేస్తూ విన్నారు?" అని అడగడం మొదలుపెట్టాను. మంగళగిరి నుంచి ఒకావిడ అంది: "ఆదివారం కోడికూర వండుకుంటూ వినేదాన్నండీ. ముక్కలు కడిగినప్పుడు పెడితే కొత్తిమీర చల్లేసరికి అయిపోయేది. ఇప్పుడు కూర దించేసినా మీది అవ్వట్లేదు. సగంలో ఆపితే మళ్లీ ఎక్కడ పట్టుకోను?" ఆ వారమే ముప్పై నిమిషాలకు తగ్గించాను.

1990లలో విజయవాడ ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేసేటప్పుడు మాకు గ్రాఫులు లేవు, కార్డు ముక్కలు ఉండేవి. 1948లో మొదలైన కేంద్రం అది. నేను చేరకముందు అక్కడే ఉషశ్రీ గారి ధర్మసందేహాలు కార్యక్రమం నడిచింది శ్రోతల ఉత్తరాల మీదే. ఎవరు ఏం అడుగుతున్నారో సంచిలోంచి తీసి చదివితే తెలిసిపోయేది. మీరూ ఓ పదిమందికి ఫోన్ చేయండి, అదే మీ ఉత్తరాల సంచి.

పేర్ల మాట చెప్పి వదిలేస్తాను. "ఎపిసోడ్ 187: జ్ఞాపకాల దొంతర" అని పెడితే ఎవరు వెతుక్కుంటారు? "మిర్చి యార్డు గుమస్తా గారి ఇల్లు" అనండి. కింద వివరణలో గుంటూరు, మిర్చి యార్డు అని ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయండి. మనవాళ్లు మాట్లాడేది తెలుగు, వెతికేది ఇంగ్లీషు అక్షరాలతో.

ఇవన్నీ చేసి ఎనిమిది ఆదివారాలు ఆగండి. డౌన్‌లోడ్లు చూడొద్దు. ఐదో నిమిషానికి ఆ 57 ఎంతయిందో చూడండి. ఆపిల్ వాళ్ల పాడ్‌కాస్ట్స్ కనెక్ట్ సైట్‌లో "ఎంగేజ్డ్" శ్రోతలని ఒక లెక్క ఉంటుంది, అంటే ఒక ఎపిసోడ్‌లో ఇరవై నిమిషాలైనా, నలభై శాతమైనా విన్నవాళ్లు. అమెరికా వాళ్ల విషయంలో దాన్ని నమ్మండి. అప్పుడు ఆపాలో లేదో మీవారితో మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: అక్కా, మేం కానూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాం. ఇద్దరం కలిసి సినిమా కబుర్ల పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. షార్ట్ పెడితే 40,000 వ్యూస్. ఫుల్ ఎపిసోడ్ పెడితే 90. షార్ట్ చూసినవాళ్లు ఇటు ఎందుకు రారు?

జవాబు: సాయంత్రం బీసెంట్ రోడ్డులో ఓ గంట నిలబడండి తమ్ముళ్లూ. షాపు ముందు నుంచి వేలమంది నడుస్తారు. అద్దంలోకి చూసిన ప్రతివాడూ లోపలికి వచ్చి చీరలు తీయించడు. పైగా 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్ మొదలైతే చాలు వ్యూ కింద లెక్క వేస్తోంది, ఇన్ని సెకన్లు చూడాలని నియమం లేదు. వేలితో పైకి తోసేసినవాళ్లూ మీ 40,000లో ఉన్నారు.

మీ షార్టులు మూడు చూశాను. నవ్వొచ్చింది. మూడింటిలోనూ జోకు అక్కడే మొదలై అక్కడే అయిపోయింది. ఇంక మీ దగ్గరికి రావడానికి ఏం మిగిలింది? మీ ఇద్దరికీ వాదన వచ్చిన ముక్క తీసుకోండి, ఒకడు "అది ఫ్లాప్ అవ్వడానికి కారణం హీరో కాదు" అన్న చోట ఆపండి. షార్ట్ పెట్టేటప్పుడు "రిలేటెడ్ వీడియో" అని ఉంటుంది, అందులో ఫుల్ ఎపిసోడ్ ఇవ్వండి. మీ మూడింటిలోనూ ఆ గడి ఖాళీగా ఉంది. అదృష్టం బాగుంటే 90 కాస్తా 200 అవుతుంది. 40,000 మాత్రం ఎప్పటికీ అవ్వదు.

ప్రశ్న: 999 రూపాయలకు 5,000 మంది శ్రోతలను ఇస్తామని మెసేజ్ వచ్చింది. తీసుకోవచ్చా? (తాడేపల్లి)

జవాబు: వద్దు. అవి చెవులు కావు, కంప్యూటర్లు. స్పాటిఫై లాంటివి కనిపెట్టి తీసేస్తాయి. పట్టుకోకపోతే ఇంకా నష్టం, మీ గ్రాఫ్‌లో ఏది నిజమో మీకే తెలియకుండా పోతుంది. ఆ డబ్బులతో మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కుని మీ ఎపిసోడ్ మీరు పూర్తిగా వినండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డు తెలుగు పండితుణ్ణి, సత్యనారాయణపురం. భాగవత పద్యాలు చదివి అర్థం చెబుతున్నాను. మొదట్లో వందమంది వినేవారు, ఇప్పుడు ముప్పై మంది. పాతికవేలు పెట్టి మైకు కొంటే మళ్లీ వస్తారని మా మేనల్లుడు అంటున్నాడు.

జవాబు: మాస్టారూ, నమస్కారం. మైకు ఇప్పుడే కొనకండి. మీరు పంపిన పద్యం విన్నాను. గొంతు గంటలా ఉంది. దాని వెనక ఫ్యాను, ఫ్యాను వెనక ప్రెషర్ కుక్కర్, నాలుగు గోడల మధ్య మోత. పాతికవేల మైకు పెడితే ఆ కుక్కర్ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

బట్టల బీరువా తలుపులు రెండూ తెరిచి దానికి ఎదురుగా కూర్చోండి. వెనక మంచం మీద పరుపు నిలబెట్టించండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టుకోండి. లేకపోతే పద్యంలో "భ" వచ్చినప్పుడల్లా గాలి కొడుతుంది. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఉంటుంది. దాన్ని మైనస్ 16 దగ్గర పెట్టమని మీ మేనల్లుడికి చెప్పండి, ఎపిసోడ్లన్నీ ఒకే గట్టితనంతో వస్తాయి. ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా ఉంటే వినేవాళ్లు చెయ్యి కడుక్కుని వచ్చి సౌండ్ పెంచుకోరు, తీసేస్తారు.

తెల్లవారుజామున నాలుగున్నరకి రికార్డు చేయండి. అప్పటికి కుక్కర్లు లేవవు. బెజవాడ ఎండల్లో ఫ్యాను ఆపమనడం పాపమే, తెలుసు. రెండేసి పద్యాలు చదివి మధ్యలో వేసుకోండి. అలా చేసినది ఒకటి నాకు పంపండి, మైకు సంగతి అప్పుడు చెబుతాను.