మర్డర్ కేసుల్లో ప్రాసిక్యూటర్ కావాలంటే బాగా వాదించడం ఒక్కటే చాలదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఒక హత్య కేసులో నిందితుణ్ని కోర్టు వదిలేసిందన్న వార్త చూసినప్పటి నుంచి పబ్లిక్ ప్రాసిక్యూటర్ అవుతానని పట్టుపట్టింది. డిబేట్లలో ఎప్పుడూ ముందుంటుంది. తనకి ఈ లైన్ సరిపోతుందా? లా చదివితే నేరుగా ఆ ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి

జవాబు: నేరుగా రాదండీ. క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయరే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ). ఆ దారేమిటో ముందు చెప్పేస్తాను. ఇంటర్‌లో ఏ గ్రూపైనా లా చదవొచ్చు. ఐదేళ్ల కోర్సుకి లాసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాయాలి, నల్సార్ లాంటి నేషనల్ లా యూనివర్సిటీలు కావాలంటే జాతీయ స్థాయి పరీక్ష క్లాట్. డిగ్రీ అయ్యాక బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా ఎన్‌రోల్ అయి ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) పోస్టులకి నోటిఫికేషన్ వచ్చినప్పుడు కొన్నేళ్ల ప్రాక్టీసు కూడా అడుగుతారు. అయితే ఏపీపీలు పనిచేసేది మేజిస్ట్రేట్ కోర్టుల్లో. హత్య కేసు నడిచేది సెషన్స్ కోర్టులో. అక్కడ పీపీగానో అడిషనల్ పీపీగానో నియమించాలంటే కనీసం 7 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఏపీపీగా చేసిన సర్వీసూ అందులో కలుస్తుంది. అంటే మీ అమ్మాయి మర్డర్ కేసు ఫైలు పట్టుకునేసరికి ముప్ఫై ఏళ్లు దాటొచ్చు.

ఇక సరిపోతుందా అన్న ప్రశ్న. డిబేట్లో ఇద్దరూ సమానంగా మొదలుపెడతారు, ఎవరు బాగా మాట్లాడితే వారిదే బహుమతి. క్రిమినల్ కోర్టులో అలా ఉండదు. మామూలుగా ముద్దాయి ఏదీ రుజువు చేయక్కర్లేదు, నోరు విప్పకుండా కూర్చున్నా సరిపోతుంది. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరం నిరూపించాల్సిన భారమంతా ప్రాసిక్యూషన్‌దే. టీవీ చర్చల్లో తీర్పు ఇచ్చేసినంత తేలిగ్గా కోర్టులో పని జరగదు.

హత్యకి వాడిన కత్తిని పోలీసులు వెతికి స్వాధీనం చేసుకోవడం, అంటే కత్తి రికవరీనే తీసుకోండి. పోలీసుల ముందు ముద్దాయి ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన ముక్క వరకే పనికొస్తుంది. అందుకే పోలీసులు మధ్యవర్తులను, అంటే సాక్షులుగా ఉండే బయటివాళ్లను వెంటపెట్టుకుని వెళ్లి, కత్తి తీయించి, జరిగిందంతా రాతలో పెట్టే పంచనామా రాయిస్తారు. కొన్నేళ్లకి విచారణ మొదలవుతుంది. ఆ మధ్యవర్తి బోనెక్కి, ‘నేనెక్కడికీ పోలేదు, స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టాను’ అంటాడు. ఆ ఒక్క మాటతో రికవరీ ఊగిపోతుంది. అతను మాట మీద నిలబడినా డిఫెన్స్ లాయర్ ఊరుకోడు. కత్తికి సీలు ఎప్పుడు వేశారు, ల్యాబ్‌కి పంపేదాకా ఎవరి దగ్గరుంది, ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేట్‌కి చేరడానికి అంత ఆలస్యం ఎందుకైంది అని ఒక్కొక్కటీ తవ్వుతాడు. ఇక్కడ ఎంత వాగ్ధాటి ఉన్నా లాభం లేదు. ఈ ప్రశ్నలన్నీ విచారణకి ముందే తన ఫైలుని తనే అడిగి చూసుకున్న ప్రాసిక్యూటర్ తట్టుకుంటాడు.

కళ్లారా చూసిన సాక్షి లేని కేసైతే పని ఇంకా కష్టం. 1984లో శరద్ బిర్దిచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులకి ఐదు సూత్రాలు చెప్పింది. వాటి సారం ఏమిటంటే, నేరం వైపు వేలు చూపే ప్రతి పరిస్థితీ విడిగా రుజువు కావాలి, అన్నీ కలిసి తెగని గొలుసులా ముద్దాయి దగ్గరికే చేరాలి, ఇంకెవరో చేసి ఉంటారనడానికి సందు మిగలకూడదు. చేసి ఉండొచ్చు అనిపించడం వేరు, అతనే చేసి ఉండాలి అని తేలడం వేరు.

అలాగని ఊహకందే ప్రతి అనుమానానికీ ముద్దాయి బయటపడడు. కారణమున్న సందేహానికే విలువ. 1973 నాటి శివాజీ సాహెబ్‌రావ్ బోబడే తీర్పులో సుప్రీంకోర్టే సంశయలాభం (అనుమానముంటే దాన్ని ముద్దాయికి అనుకూలంగా తీసుకోవడం) విషయంలో మితిమీరొద్దని హెచ్చరించింది. మీ అమ్మాయి చూసిన కేసులో లాగా కోర్టు వదిలేసినప్పుడు, అతను చేయలేదని తేల్చినట్టు కాకపోవచ్చు. రుజువు చాలలేదని అర్థం కావచ్చు. ఈ తేడా జీర్ణించుకోలేని వాళ్లకి ఈ ఉద్యోగం రోజూ టెన్షనే.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. దర్యాప్తు చేసేది పోలీసులు, ప్రాసిక్యూటర్ కాదు. ఫోటో తీయని రక్తపు మరకని పీపీ వాదించి పుట్టించలేడు. ఎలాగైనా శిక్ష వేయించడం కూడా అతని డ్యూటీ కాదు. ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యం ఫైల్లో ఉంటే దాన్ని దాచకూడదు. ‘శిక్ష వేయిస్తాను’ అనే కసి ఒక్కటే ఉంటే మీ అమ్మాయి ఇక్కడ ఇబ్బంది పడుతుంది.

సాక్ష్యం పుట్టే చోటే పనిచేయాలని తనకి అనిపిస్తే ఎంపీసీ వాళ్లకి ఇంకో దారుంది, ఫోరెన్సిక్ సైన్స్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) ప్రకారం 7 ఏళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి తీరాలి. దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకి ఐదేళ్ల వరకు గడువిచ్చారు. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ కోర్సులు ఒకసారి చూడండి. తుపాకుల పరీక్షకి, డిజిటల్ ఆధారాలకి ఫిజిక్స్, కంప్యూటర్లు తెలిసినవాళ్లే కావాలి.

నిర్ణయం ఇప్పుడే వద్దు. పరీక్షలయ్యాక తెలిసిన లాయర్ ఎవరితోనైనా మీ అమ్మాయిని సెషన్స్ కోర్టుకి పంపండి. మామూలుగా విచారణ బహిరంగంగానే జరుగుతుంది. దర్యాప్తు అధికారిని డిఫెన్స్ లాయర్ ప్రశ్నలు అడిగే (క్రాస్ చేసే) రోజు చూసుకుని వెళితే మేలు. ఇంటికొచ్చాక ఎవరు గెలుస్తారని అడగకండి, ఆ అధికారి ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడో అడగండి. అది పట్టుకుని చెప్పగలిగితే లాసెట్‌కి అప్లై చేయించండి.